ద్రాక్షలు కోసేదాకా ఇచ్చిన మాట

మే 2

నా భయాలు నోటితో అంటే ఇంట్లో అందరికీ విసుగు. "మళ్లీ మొదలుపెట్టావా ముసలీ" అంటాడు మా ఆయన షెహాదె, గొర్రెల వంక పెట్టుకుని లేచి వెళ్లిపోతాడు. కాగితం లేచి వెళ్లిపోదు. ముసలివాళ్ల బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలూ ఇలాగైనా పనికొస్తాయి.

పొద్దున్న గుమ్మం ముందు రాయి కింద కాగితం పెట్టి వెళ్లారు ఇజ్రాయెల్ సైనికులు. వాళ్ల భాషలో ఉంది. కోడలు ఇబ్తిసాం ఫోన్లో ఫోటో తీసి లాయరు గలీత్‌కి పంపింది. అనుమతి లేకుండా కట్టిన ఇల్లు, కూల్చాలి అని రాసుందట. అనుమతి అడిగినప్పుడల్లా కాదన్నది వాళ్లే. కోర్టు సెప్టెంబరులో ఉంది.

గలీత్ యూదుల పిల్లే, కానీ మా వైపు వాదిస్తుంది. "అమ్మా, జడ్జి కూడా పేపరు చదివే మనిషే. మీ ఇల్లు నలుగురి కళ్లల్లో పడాలి. అందరూ చూస్తున్న ఇంటి మీదికి యంత్రాన్ని తోలడం కష్టం" అంది.

నలుగురి కళ్లల్లో పడటమంటే నాకు అదొక భయం. పడకపోతే ఇదొక భయం.

మే 7

అమెరికా ఎంబసీ ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి చూస్తాడట, పద్దెనిమిదిన. కబురు తెచ్చింది ఖలఫ్ బావగారు. ఆ తరువాతి శనివారం టీవీ వాళ్లు వస్తారట. కబురు తెచ్చింది దీబ్.

వీళ్లిద్దరూ ఒకే తాత మనవలు. బావగారిని సౌదీ వాళ్లు అతిథిగా హజ్‌కి తీసుకెళ్లారు, అప్పటి నుంచీ ఆయనకి ఆ రాజుగారి మాటే మాట. దీబ్ కొడుకు ఖతార్‌లో పని చేస్తాడు, ఆ టీవీ కూడా అక్కడిదే; ఆ రెండు రాజ్యాలకీ పడదు. ఊరి నీళ్ల ట్యాంకు మీద ఖతార్‌తో జట్టు కట్టిన టర్కీ జెండా బొమ్మ ఉందని బావగారు ఆ వైపున బిందె కూడా పెట్టనివ్వరు. పెద్ద పెద్ద దేశాలు అలిగితే ఇక్కడ ఈ ఇద్దరు ముసలాళ్లు మాట్లాడుకోవడం మానేస్తారు.

"అమెరికా వాడు ముందు నా ఇంట్లో దిగాలి" అన్నాడు దీబ్.

"నీ ఇంట్లో ఏముందిరా, నీ కొడుకు పంపిన ఏసీ తప్ప? కరెంటు కూడా లేదు దానికి" అన్నారు బావగారు.

"ఏసీ అన్నా ఉంది. నీ దగ్గర రాజుగారిచ్చిన తస్బీ మాల ఉంది, పూసలు రాలుతున్నాయి."

చివరికి కాగితం వచ్చింది మా ఇంటికి కాబట్టి మా ఇంట్లోనే అని తేల్చారు. ఇంకేం, పరుపులు దులపాలి. పెద్ద పరుపుకి చిరుగు ఉంది. అమెరికా వాడు సరిగ్గా దాని మీదే కూర్చుంటాడు, నాకు తెలుసు.

మే 18

దాని మీదే కూర్చున్నాడు.

జరిగినది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నా భయం దాన్ని మార్చేస్తుంది.

మిస్టర్ వారెన్ అట. నలభై ఉంటాయి, మెడ ఎండకి ఎర్రబడింది. ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పాడు. సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు. అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. మాట తిప్పి చెప్పడానికి నడీన్ అని బెత్లెహేం అమ్మాయి వచ్చింది. నన్ను పెద్దమ్మా అని పిలిచింది.

బావగారే కాఫీ పోశారు. మంచి నల్ల కాఫీ, యాలకులు నేనే దంచాను. ఆ మనిషి రెండు చేతులతో కప్పు అందుకున్నాడు, నవ్వాడు, కింద పెట్టాడు.

పెట్టినవాడు మళ్లీ ఎత్తలేదు.

గొర్రెలెన్ని అని అడిగాడు. వానలెలా పడ్డాయని అడిగాడు. శ్లాబు ఎప్పుడు వేశారని అడిగాడు. కప్పు అక్కడే ఉంది. మా మగవాళ్ల మాటలు ఒకటొకటిగా ఆగిపోయాయి. నేను వంటగది గుమ్మంలో నిలబడి షెహాదె కళ్లు చూశాను. ఆయనా ఆ కప్పునే చూస్తున్నాడు.

మా అబ్బాయి మూసాకి పిల్లనడగడానికి వెళ్లిన రోజు ఇలాగే జరిగింది. బావగారు కప్పు ముట్టకుండా ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఇబ్తిసాం తండ్రి "తాగండి, మీరొచ్చిన పని అయింది" అన్న తర్వాతే నోటికి ఎత్తారు. అడగాల్సింది పెద్దదైనప్పుడు ఎవరైనా అలాగే చేస్తారు. హత్య జరిగిన ఇంటికి రాజీకి వెళ్లినా అంతే.

కానీ అమెరికాకి మా దగ్గర ఏం కావాలి? గొర్రెలా? మా మనవరాలికి ఇంకా తొమ్మిదేళ్లే అని కూడా గుర్తు చేసుకున్నాను, అల్లా క్షమించుగాక. భయం పట్టుకుంటే ఎంత దూరమైనా పోతుంది.

కాఫీ చల్లారిపోయింది. అతిథి ముందు కప్పు చల్లారడం బావగారు చూడలేరు. నలభై ఏళ్లుగా ఈ గుట్టల్లో ఎవరి గొడవ తీరాలన్నా ఆయన కూర్చోవాల్సిందే. గడ్డం మీద చేయి వేసుకున్నారు. "తాగండి దొరా. మీరు వచ్చిన పని అయిపోయిందనుకోండి. ఏది అడిగినా నా ముఖం మీద మాట." మాలో ముఖం మీద మాటంటే పరువు తాకట్టు పెట్టడమే.

నడీన్ తిప్పి చెప్పింది. ఆ మనిషి కళ్లార్పాడు. ఆమె వంక చూశాడు, మా వంక చూశాడు, చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో మింగాడు. చేదుకి మొహం ముడుచుకుంది.

అప్పుడు అడిగాడు. మెల్లగా, ఆలోచించుకుంటూ. సౌదీకీ ఇజ్రాయెల్‌కీ మధ్య పెద్ద మాటలు నడుస్తున్నాయట, కుదిర్చేది అమెరికానట. కుదిరితే అందులో మా బోటి వాళ్ల నేలల గురించీ ఒక మాట పెట్టించాలని చూస్తున్నారట. ఈలోగా ఖతార్ టీవీలో ఒక ముసలామె ఇంటి ముందు ఏడుస్తూ కనపడితే, సౌదీ వాళ్లకి తమ జనం ముందు తలవంపులు, పక్క రాజ్యాల వాళ్లకి పండగ. కాబట్టి వేసవి అయ్యేదాకా టీవీ, పేపరు వద్దు, నిశ్శబ్దంగా ఉండండి. ఈలోపు మీ ఇంటి సంగతి నేను పైన మాట్లాడతాను.

"వేసవి అయ్యేదాకా అంటే?" అన్నాడు షెహాదె.

"ద్రాక్షలు కోసేదాకా" అన్నారు బావగారు. "సరే. మాట అయిపోయింది."

అందరి చేతులూ పట్టుకుని కదిపాడు. నా దగ్గరికి వచ్చి చేయి గుండెల మీద పెట్టుకున్నాడు. కారు దుమ్ములో కలిసిపోయింది.

దీబ్ అప్పటిదాకా పళ్లు బిగించుకుని ఉన్నాడు. "ఏమన్నా, హజ్ బాకీ తీర్చేశావా? రాజుగారికి రస్మియ్యా వదిన ఇల్లు ఇచ్చేశావు."

"నోరు ముయ్యి. అతిథి అడిగాడు."

"అతిథి అడిగితే నీ ఇల్లు ఇవ్వు!"

"నా ముఖం ఇచ్చాను. ఇంటి కంటే అది తక్కువా?"

నన్ను ఎవరూ అడగలేదు. ఈ నేల మా నాన్న నాకు ఇచ్చింది.

మే 19

టీవీ వాళ్లకి రావద్దని చెప్పారు. ఒక రకంగా మంచిదే. పరుపుకి చిరుగు ఉంది.

జూన్ 3

ఎవరూ రాలేదు. సైనికులూ రాలేదు. ఆ మనిషి పైన మాట్లాడి ఉంటాడు.

బూట్లు విప్పి లోపలికి వచ్చినవాడు ఆ ఇల్లు కూల్చనిస్తాడా?

జూన్ 11

ఎవరూ రాలేదు.

జూన్ 20

లోయ అవతల దుమ్ము లేచింది. మేకలనుకున్నాను. మేకల దుమ్ము అంత నిటారుగా లేవదు. అటు రెండు ఇళ్లు పోయాయి, ఒకటి కొత్తగా పెళ్లైన వాళ్లది. వాళ్ల ఇంటికి ఏ అమెరికా వాడూ రాలేదు, అందుకే. మా ఇంటికి వచ్చాడు. బూట్లు విప్పి వచ్చాడు.

అయినా మంచి దుప్పట్లు మూట కట్టాను. షెహాదె చూశాడు.

"ఎక్కడికి ప్రయాణం?"

"ఎక్కడికీ కాదు. చిమ్మటలు పడతాయని."

"మూటలో నా చలికోటు కూడా పెట్టు. చిమ్మటలకి నేనంటే ఇష్టం."

నవ్వించాలని చూస్తాడు. నలభై ఆరేళ్లుగా నేను నవ్వలేదని ఆయన, ఆయన భయపడలేదని నేను దెప్పుకుంటూనే ఉన్నాం.

జూలై 4

బావగారు రోజూ రేడియో చంకలో పెట్టుకుని వస్తున్నారు. సౌదీ వాళ్లు ఏదో షరతు పెట్టారట. ఇజ్రాయెల్ వాళ్లు ఆలోచిస్తారట. అమెరికా వాళ్లు ఆశగా ఉందన్నారట. ఇరాన్ వాళ్లు తిట్టారట. "ఇంకొంచెం, మూసా తల్లీ. ఇంకొంచెమే" అంటారు నాతో. రేడియోలో ఎక్కడా మా గుట్ట పేరు రాదు. బావగారు మాత్రం చెవి పెట్టి వింటారు, ఎప్పుడో ఒకప్పుడు వస్తుందన్నట్టు.

జూలై 16

నడీన్ ఫోన్ చేసింది. ఈ మాట ఇంట్లో చెప్పలేను.

మిస్టర్ వారెన్‌కి బదిలీ అయిందట, వేరే ఖండానికి. వెళ్లేముందు నన్ను అడిగినట్టు చెప్పమన్నాడట.

"మరి మా మాట? కొత్తగా వచ్చినాయనకి చెప్పాడా?"

"ఇలాంటివి కాగితం మీద పెట్టరు పెద్దమ్మా. కొత్తాయనకి నేను చెప్పి చూశాను. ఏ ఇల్లు అన్నాడు."

గొర్రెల తొట్టి మీద కూర్చున్నాను. "అంత దూరం వచ్చి, కప్పు ముట్టకుండా కూర్చుని, పెద్దమనిషి చేత మాట ఇప్పించుకుని ఇలా వెళ్లిపోతాడా అమ్మా?"

"కప్పు ముట్టకుండా..." అంది. "అయ్యో పెద్దమ్మా. మీరు అలా అనుకున్నారా!"

ఆయన ఏమీ అడగడానికి రాలేదట. చూసి వెళ్దామని వచ్చాడట. ఆ రోజు అప్పటికే ఐదిళ్లలో కాఫీ పోశారట, గుండె దడదడలాడుతోంది, ఇంకో చుక్క తాగితే పడిపోతానని కారులోనే ఆమెతో అన్నాడట. మా బావగారు ఏది అడిగినా ఇస్తామనేసరికి, ఏమీ అడక్కపోతే పెద్దాయన చిన్నబోతాడనుకుని, పైవాళ్లు అనుకుంటున్న మాట ఏదో గుర్తొచ్చి అడిగాడట.

"మా బెత్లెహేంలోనూ ఉంది ఆ పద్ధతి. అమెరికా వాడి కప్పుని కూడా అలా చూస్తారని నాకు తట్టలేదు. నాదే తప్పు" అని ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టాను.

జూలై 17

అడగనివాడికి ఇచ్చిన మాట మాటే కాదు. ఈ సంగతి చెబితే చాలు, బావగారు ఆ మాట నుంచి విడుదలవుతారు, టీవీ వాళ్లు వస్తారు.

చెబితే దీబ్ ఊరుకుంటాడా? అమెరికా వాడి గుండెదడకి ఇల్లు ఇచ్చిన ముసలాడు అని ప్రతి పెళ్లిలో చెబుతాడు. చెడ్డవాడై కాదు, నవ్వు ఆపుకోలేక. రేపు రెండు కుటుంబాల మధ్య నెత్తురు పారితే మధ్యలో కూర్చుని బావగారు నా ముఖం మీద మాట అంటే ఎవరు వింటారు? నవ్వుతారు. నవ్వితే మళ్లీ కత్తులు తీస్తారు.

చెప్పను.

జూలై 18

చెప్పాలేమో.

ఆగస్టు 6

సైనికులు వచ్చి ఇల్లు కొలిచి వెళ్లారు. శ్లాబు మందం కూడా చూశారు. వాళ్లలో ఒక కుర్రాడు మంచినీళ్లు అడిగాడు, ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను.

సాయంత్రం గలీత్ ఫోన్. కోర్టు ముందుకి జరిగింది, ఇరవయ్యో తారీకున. "అమ్మా, మీ ఇంటి మీద పేపర్లో ఒక్క ముక్క లేదు, ఒక్క ఫోటో లేదు. నన్ను చీకట్లో నిలబెట్టి వాదించమంటున్నారు" అంది. కోపంగానే అంది.

బావగారికి చెబితే ఒకటే మాట. "ద్రాక్షలు కోసేదాకా అన్నాను."

"ఆ మనిషే లేడు కదా బావగారూ. వెళ్లిపోయాడు."

"మనిషి పోతే మాట పోతుందా? చచ్చిపోయినవాళ్లకి ఇచ్చిన మాటలు ఎన్ని మోస్తున్నాను నేను."

దీబ్ గోడ అవతల నుంచి అరిచాడు. "అమెరికా మాట తప్పిందిగా! నల్ల జెండా ఎగరేయన్నా వాళ్ల పేరు మీద, మాట తప్పినవాళ్లకి మన తాతలు ఎగరేసినట్టు!"

"ఎగరేయి. నల్ల జెండా చూసి సైనికులు తీవ్రవాదులనుకుంటారు, తెలుసా? ఇల్లు ఒక్కటే కాదు, గుట్ట మొత్తం లేపేస్తారు" అన్నాడు షెహాదె. కాసేపు ముగ్గురూ నవ్వారు. కలిసి నవ్వి ఎన్నాళ్లైంది వీళ్లు.

ఆగస్టు 9

ద్రాక్ష తీగ దగ్గరికి వెళ్లాను. ఇంకా పచ్చివే. ఒక గుత్తి తెంపి తెచ్చాను.

షెహాదె ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇవి కోసి, కోత అయిపోయిందంటే అన్నయ్య నమ్ముతాడనుకున్నావా?"

"పండాయేమో అని చూశాను."

"పండలేదు." ఇంకొకటి వేసుకున్నాడు. ఆయనకీ భయంగా ఉందని నాకు ఇవాళే తెలిసింది.

ఆగస్టు 13

దీబ్‌ని పిలిపించాను.

"నీ టీవీ వాళ్లని రమ్మను."

వాడు నోరు తెరిచాడు. "అన్న ఒప్పుకున్నాడా వదినా?"

"ఆయనతో పని లేదు. నేల నాది. మాట ఆయన ఇచ్చారు, నేను తప్పుతున్నాను. ఊళ్లో అలాగే చెప్పు. ఖలఫ్ చివరిదాకా నిలబడ్డాడు, మరదలు మాట పోగొట్టింది అని చెప్పు. వేరేగా చెప్పావంటే నిన్ను ఈ గుమ్మం తొక్కనివ్వను."

"నీకేమైంది వదినా? బల్లిని చూసి అరిచే మనిషివి."

"బల్లిని చూసి ఇప్పుడూ అరుస్తాను. ఫోన్ చెయ్యి."

షెహాదె లోపల విన్నాడు. బయటికి రాలేదు. వద్దని కూడా అనలేదు.

ఆగస్టు 15

వచ్చారు. గొట్టం నా నోటి దగ్గర పెట్టగానే అనుకున్నవన్నీ మరిచిపోయాను. ఈ శ్లాబు వేసిన రోజు సిమెంటు కలపడానికి నీళ్లు గాడిద మీద లోయ నుంచి మోశానని చెప్పాను. గాడిద పేరు కూడా చెప్పాను, ఎందుకో. ఈ ఇల్లు కట్టకముందు, వానాకాలం గుహలో ఉన్నప్పుడు మూసాకి దగ్గు తగ్గేది కాదని, ఈ ఇంట్లోకి వచ్చాక తగ్గిందని చెప్పాను.

సౌదీ, అమెరికా, ఇజ్రాయెల్ మాటల మీద ఏమంటావమ్మా అని అడిగింది టీవీ పిల్ల.

"వాళ్లు కలిస్తే నాకు సంతోషమే. కలవకపోతే నాకు ఏడుపు లేదు. నా శ్లాబు మీద కూర్చుని బేరమాడుకోవద్దని చెప్పండి. అంత మంది బరువు అది తట్టుకోలేదు" అన్నాను.

అమెరికా వాళ్లు మీ పెద్దమనిషిని మోసం చేశారట కదా అంది. దీబ్ పక్కకి చూశాడు.

"ఆయన్ని ఎవరూ మోసం చేయలేదు. ఆయన మాట మీద ఉన్నారు. నేనే ఆగలేకపోయాను."



ఆగస్టు 16

బావగారు రాలేదు. రేడియో చప్పుడు వాళ్లింట్లోనే వినపడుతోంది.

షెహాదె నాతో మాట్లాడటం లేదు. పెట్టింది తింటున్నాడు. ఉప్పు ఎక్కువైనా తింటున్నాడు.

ఆగస్టు 20

గలీత్ ఫోన్లో అరిచింది, మంచి అరుపే. జడ్జి ఆపాడు. వానాకాలం వెళ్లాక మళ్లీ వింటాడట, అప్పటిదాకా ఇంటిని ముట్టకూడదట. కోర్టు నిండా విలేకరులేనట. అమెరికా ఆఫీసు వాళ్లు ఇంతకీ ఏ ఇల్లు ఇది అని ఆమెని అడిగారట.

ఇబ్తిసాం గోధుమ రవ్వ వండింది. పిల్లలు శ్లాబు ఎక్కి గెంతారు. పడతారేమోనని నేను కింద చేతులు చాపి తిరుగుతూనే ఉన్నాను.

బావగారు రాలేదు.

ఆగస్టు 25, శుక్రవారం

నమాజు అయ్యాక వచ్చారు. కర్ర పట్టుకుని వచ్చారు. ఎప్పుడూ కర్ర వాడరు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయారు.

"లోపలికి రండి బావగారూ."

"రాను మూసా తల్లీ. నోటితో ఒకసారి ఇచ్చేసిన ఇల్లు ఇది. దీని కింద ఏ ముఖం పెట్టుకుని కూర్చోను?" అక్కడే మట్టిలో కూర్చోబోయారు.

చాప తెచ్చి పరిచాను. కూర్చున్నారు. నేను కాస్త ఎడంగా కూర్చున్నాను. ఏం తిడతారో తిట్టమని ఎదురుచూశాను.

"ఊళ్లో ఎవరూ నవ్వడం లేదు" అన్నారు. "జాలి పడుతున్నారు. మరదలు మాట నిలబెట్టనివ్వలేదు పాపం అంటున్నారు. దీబ్ గాడు కూడా. వాడికి ఇంత మర్యాద ఎవరు నేర్పారో."

నేను చాప పోగులు లాగుతున్నాను.

"నీ మీద కోపం ఉంది. ఉంటుంది. కానీ శ్లాబు మీద పిల్లలు గెంతిన చప్పుడు మా ఇంటి దాకా వచ్చింది. ఆ రోజు బాగా నిద్ర పట్టింది." కర్ర పక్కన పెట్టారు. "ఆ అమెరికా వాడు పాపం. ఎంత అవసరం లేకపోతే అంతసేపు కప్పు ముట్టకుండా కూర్చుంటాడు? వాడి పని చెడగొట్టాం మనం."

నాలుక చివరికి వచ్చింది. ఐదిళ్ల కాఫీ సంగతంతా వచ్చింది.

"అవును బావగారూ" అన్నాను. "చాలా అవసరం ఉన్నట్టే కనపడ్డాడు."

ఆయన తల ఊపారు. ముఖంలో బిగువు కాస్త వదిలింది.

షెహాదె ఇంట్లోంచి వచ్చి అన్నగారి పక్కన కూర్చున్నాడు. "ఈసారి వేడి రొట్టె తీసుకురా, నిన్నటిది రాయిలా ఉంది" అన్నాడు నాతో. పది రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట. ఇబ్తిసాం రొట్టెలూ పెరుగూ బయటికే తెచ్చింది. పిల్లలు వచ్చారు. దీబ్ గోడ దగ్గర నిలబడి నిలబడి, ఎవరూ పిలవకుండానే వచ్చి చాప అంచున కూర్చున్నాడు. బావగారు వాడి వైపు పెరుగు గిన్నె జరిపారు.

అంత గొడవపడి మిగుల్చుకున్న ఇంట్లో ఒక్కరమూ లేము. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అందరం బయట మట్టిలో కూర్చుని తింటున్నాం.

పొద్దు వాలగానే గుట్ట మీది గాలి మొదలైంది. బావగారికి ఛాతీ నొప్పి వస్తుంది చలి గాలికి, ఎప్పటి నుంచో ఉంది. లోపలికి వెళ్లి జూన్‌లో కట్టిన మూట విప్పాను, మందపాటి దుప్పటి తెచ్చి ఆయన భుజాల మీద వేశాను. ఇంట్లోంచి తెచ్చినదే. ఆయన అంచు చేత్తో పట్టుకుని ఒక్క క్షణం చూశారు. వద్దంటారనుకున్నాను.

దగ్గరికి లాక్కుని కప్పుకున్నారు.